కంప్యూటరులోని పిల్లలు, మన బడిలోని పిల్లలు



సమాజశాస్త్ర పరిశోధకులు కంప్యూటరులో కల్పిత జనాన్ని సృష్టించి, వారి నడవడి నుండి గణాంకాలను రాబడుతున్నారు. ఆ కల్పిత వ్యక్తిని ‘ఏజెంటు’ అనీ, అలా పుట్టిన లెక్కలను కృత్రిమ దత్తాంశమనీ అంటారు. ఈ పద్ధతికి దారి చూపినవారిలో థామస్ షెల్లింగ్ ఒకరు. 1971లో ఆయన గళ్ల పలకపై రెండు రకాల నాణేలు పరచి, పొరుగున తనవారు మరీ తక్కువైతే నాణెం చోటు మారాలని నియమం పెట్టారు. అంత చిన్న ఇష్టానికే అవి వేరువేరు వాడలుగా విడిపోయాయి.

మనకు ముఖ్యమైనది భాషల కథ. 2003లో ఏబ్రమ్స్, స్ట్రోగాట్జ్ అనే ఇద్దరు ‘నేచర్’ పత్రికలో భాషల క్షీణతకు ఒక గణిత నమూనాను ప్రకటించారు. మాట్లాడేవారి సంఖ్య, భాషకున్న హోదా, ఈ రెండే దానికి ఆధారం. వెల్ష్, స్కాటిష్ గేలిక్, కెచువా భాషల లెక్కలతో అది సరిపోలింది. రెండు భాషలలో ఒకటి అంతరిస్తుందని తేల్చింది. అయితే అందులో ప్రతి మనిషికీ ఒకే భాష! తమిళనాడులో 2006 నాటి చట్టంతో బడిలో తమిళం తప్పనిసరి అయినది. ఇంట తెలుగు, బడిలో తమిళం పలికే మన పిల్లవానికి ఆ నమూనాలో చోటే లేదు.

స్పెయిన్ పరిశోధకులు 2006లోనూ ఆ తరువాతనూ ద్విభాషులైన ఏజెంట్లను చేర్చి చూశారు. చేర్చినంత మాత్రాన చిన్నభాష నిలువలేదు. కానీ దగ్గరి సంబంధాలు అల్లుకొన్న సమూహాలున్నచోట అది చాలాకాలం మనగలిగింది. అటువంటి అల్లికకు బడియే ముడి అని నా నమ్మకం.

ఈ పద్ధతిని నేను నిరసించను. ఒక ఊరి తెలుగు తరగతిని మూసి, మరొక ఊరిది ఉంచి, పిల్లలపై ప్రయోగం చేయలేము. కంప్యూటరులో చేయవచ్చు. ఏ బిడ్డ వివరమూ బయటపడదు. అయితే వేపగింజ నాటి మామిడిపండు కోయలేము. నియమంలో మన పిల్లలు లేకుంటే ఫలితంలోనూ ఉండరు. అటువంటి లెక్కను చూపి రేపెవరైనా “తెలుగు తరగతి ఎందుకు?” అంటే మన చేతిలో జవాబేది?

2011 జనగణన ప్రకారం తమిళనాడులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 42 లక్షలు. వారిలో ఎందరు బిడ్డలతో తెలుగు మాట్లాడుతున్నారో, ఎందరు తెలుగు చదువగలరో ఆ సంఖ్య చెప్పదు. అది మనమే వ్రాసి ఉంచాలి. బిడ్డను చేర్చుకొనేటప్పుడు తల్లిదండ్రుల అనుమతితో నాలుగు ప్రశ్నలు అడుగుదాం: అమ్మ ఏ భాషలో పిలుస్తుంది? అవ్వ ఏ భాషలో కథ చెబుతుంది? తోబుట్టువులతో ఆట ఏ భాషలో? ఏ లిపి చదువగలడు? పేర్లు తీసివేసి, ఏటేటా ఆ పట్టికను భద్రపరుద్దాం.

కల్పిత జనం గురించి పరిశోధకులు వ్రాయనీ. మన పిల్లల గురించి మనం వ్రాద్దాం.