కడుపుబ్బరం... అన్నిసార్లూ గ్యాసేనా?

మన ఇళ్ళల్లో కడుపుబ్బరానికి మందు పోపుల పెట్టెలోనే ఉంటుంది. కాస్త వామూ ఉప్పూ నమలడమో, జీలకర్ర కషాయం తాగడమో చేస్తాం. రెండు మూడు రోజుల్లో తగ్గిపోయిందా, అది అజీర్తే, బెంగ అక్కర్లేదు. కానీ వారాల తరబడి తగ్గని ఉబ్బరానికి కూడా అదే వైద్యం చేసుకుంటూ కూర్చుంటేనే చిక్కు. అండాశయం కేన్సర్ చాలామందిలో ఇలాగే గ్యాసు వేషంలో వస్తుంది. మన దేశంలో ఆడవాళ్ళకి వచ్చే కేన్సర్లలో రొమ్ము, గర్భసంచి ముఖద్వారం తర్వాత మూడో స్థానం దీనిదే.

అండాశయాలు రెండూ పొత్తికడుపులో లోపలెక్కడో, బాదంకాయంత ఉంటాయి. అక్కడ గడ్డ పెరిగినా చేతికి తగలదు, రొమ్ములో గడ్డలా మనం తడిమి చూసుకోలేం. అందుకే ఈ నాలుగు లక్షణాలూ గుర్తుపెట్టుకోండి: తగ్గని కడుపుబ్బరం, నాలుగు ముద్దలకే కడుపు నిండిపోవడం, పొత్తికడుపులోనో నడుములోనో నొప్పి, మాటిమాటికీ మూత్రానికి పరుగెత్తాల్సి రావడం. మనిషి చిక్కిపోతూ లంగా బొందు మాత్రం బిగుసుకుపోతోందంటే అసలు ఆలస్యం చేయకూడదు. ముట్లు ఆగిపోయిన వాళ్ళు మరీ జాగ్రత్తగా ఉండాలి.

పాల లెక్క రాసుకునే క్యాలెండర్ ఉంటుంది కదా, బాధ అనిపించిన రోజున దాని మీద ఒక టిక్కు పెట్టండి. ఇదివరకు లేని బాధ కొత్తగా మొదలై నెలలో 12 రోజులకు మించి టిక్కులు పడితే, ఆ క్యాలెండర్ పట్టుకుని స్త్రీల డాక్టరు దగ్గరికి వెళ్ళండి. “అప్పుడప్పుడూ వస్తోందండీ” అనే మాట కన్నా ఆ లెక్క డాక్టరుకి ఎక్కువ పనికొస్తుంది.

మరి పరీక్షలేమిటి? మొదటిది డాక్టరు చేత్తో చేసే పరీక్ష. రెండోది అల్ట్రాసౌండ్ స్కానింగ్. దీనికి తెనాలి, బాపట్ల, రేపల్లె దాటి వెళ్ళనక్కర్లేదు. పొట్ట మీద నుంచి చేసే స్కానింగు కన్నా, యోని మార్గం ద్వారా సన్నటి గొట్టం లాంటి పరికరంతో చేసేది అండాశయాన్ని దగ్గరగా, స్పష్టంగా చూపిస్తుంది. సిగ్గుపడి వద్దనకండి, అయిదు పది నిమిషాల పని. ఆడ డాక్టరు కావాలని ముందే అడగొచ్చు. పెళ్ళికాని పిల్లలకైతే నిండుగా నీళ్ళు తాగించి పొట్ట మీద నుంచే చేస్తారు.

రిపోర్టులో ‘సిస్టు’ అన్న మాట కనబడగానే గుండె జారిపోనక్కర్లేదు. నెలసరి వచ్చే వయసులో నీటిబుడగలు సహజం. పల్చటి గోడతో, లోపల నీరు తప్ప మరేమీ లేని చిన్న బుడగ చాలాసార్లు రెండు మూడు నెలల్లో దానంతట అదే పోతుంది. లోపల గట్టి కండలాంటి భాగాలున్నా, చాలా గదులున్నా, రెండు వైపులా గడ్డలున్నా, కడుపులో నీరు చేరినా అప్పుడే అనుమానించాలి.

మూడోది సి.ఏ. 125 అనే రక్తపరీక్ష. అమెరికాలో రాబర్ట్ బాస్ట్ బృందం 1981లో దీనికి దారి చూపింది. మామూలుగా ఇది 35 లోపు ఉండాలి. అయితే ఈ ఒక్క అంకె చూసి ఏడవనూ వద్దు, నవ్వనూ వద్దు. నెలసరి రోజుల్లో, గర్భంతో ఉన్నప్పుడు, ఎండోమెట్రియోసిస్‌లో, ఫైబ్రాయిడ్లలో కూడా పెరుగుతుంది. కడుపులో టీబీ వస్తే నీరూ చేరుతుంది, ఈ అంకే పెరుగుతుంది, అది మందులతో నయమయ్యే జబ్బు. ఇంకోవైపు, కేన్సర్ తొలి దశలో ఉన్న వాళ్ళలో దాదాపు సగం మందికి ఇది పెరగదు.

అందుకే డాక్టర్లు మూడింటినీ కలిపి ఒక లెక్క వేస్తారు. స్కానింగులో అనుమానపు గుర్తు ఒకటుంటే 1, రెండు లేక అంతకన్నా ఎక్కువుంటే 3. ముట్లు వస్తుంటే 1, ఆగిపోతే 3. ఈ రెంటినీ సి.ఏ. 125 అంకెతో గుణించాలి. ముప్పై ఏళ్ళ అమ్మాయికి రక్తంలో 60 ఉండి, స్కానింగులో ఒకే గుర్తుంటే మొత్తం 60. అరవై ఏళ్ళ ఆవిడకి 40 మాత్రమే ఉన్నా, రెండు గుర్తులుంటే మూడు మూళ్ళు తొమ్మిది, తొమ్మిది నలభైలు 360! సాధారణంగా 200 దాటితే కేన్సర్ సర్జన్‌కి చూపించాలి. చూశారా, పెద్ద అంకె వచ్చిన అమ్మాయి కన్నా చిన్న అంకె వచ్చిన పెద్దావిడే ముందు వెళ్ళాలి.

ఆ తర్వాత జబ్బు ఎంతవరకు పాకిందో చూడటానికి సీటీ స్కాన్, గడ్డ స్వభావం తేలకపోతే ఎం.ఆర్.ఐ. చేస్తారు. తుది మాట మాత్రం ముక్క తీసి చేసే పరీక్షదే. తొలి దశ అనుమానమున్న గడ్డని సూదితో పొడవరు, చిట్లితే లోపలిది కడుపంతా చిందే ప్రమాదముంది కనుక. గుంటూరు పెద్దాసుపత్రిలో నాట్కో కేన్సర్ కేంద్రం ఉంది. మంగళగిరిలో ఎయిమ్స్ ఉంది. ఆరోగ్యశ్రీగా మనకి అలవాటైన ఎన్టీఆర్ వైద్యసేవ మీకు వర్తిస్తుందేమో ఆస్పత్రిలోని ఆ పథకం బల్ల దగ్గర మొదటే అడగండి.

“అయితే అందరం ఏటా చేయించుకుంటే పోలా?” అంటారేమో. బ్రిటన్‌లో 2001లో మొదలుపెట్టి 2 లక్షల మందికి పైగా స్త్రీల మీద పరిశీలించారు. లక్షణాలు లేనివాళ్ళకి ఏటేటా ఈ పరీక్షలు చేసినా మరణాలు తగ్గలేదని 2021లో తేలింది. కాబట్టి లక్షణాలుంటేనే పరీక్షలు. అమ్మకో, అక్కచెల్లెళ్ళకో అండాశయం కేన్సరుగానీ, చిన్నవయసులో రొమ్ము కేన్సరుగానీ వచ్చి ఉంటే మాత్రం ఆ సంగతి డాక్టరుకి తప్పక చెప్పండి. బి.ఆర్.సి.ఏ. అనే జన్యుపరీక్ష అవసరమవ్వచ్చు. పాప్ స్మియర్ బాగుందని నిశ్చింతగా ఉండకండి, అది గర్భసంచి ముఖద్వారానికే.

ఆఖరుగా ఒక్క మాట. మన రాష్ట్రంలో గర్భసంచి తీయించుకున్న ఆడవాళ్ళు చాలా ఎక్కువ. “నాకు ఆపరేషనైంది, ఇక ఏ బాధా లేదు” అనుకుంటారు. గర్భసంచి తీసినా అండాశయాలు ఉంచేసి ఉండొచ్చు. బీరువాలో చీరల అడుగునున్న ఆ డిశ్చార్జి కాగితం ఇవాళే తీసి, అండాశయాలు తీశారో లేదో చూడండి. అర్థం కాకపోతే ఈసారి డాక్టరు దగ్గరికి వెళ్ళేటప్పుడు తీసుకెళ్ళండి. ఇంట్లో అందరి మందులూ వేళకి గుర్తుపెట్టుకునే మీరు, మీ కాగితాన్ని మీరే పట్టించుకోకపోతే ఎలా చెప్పండి?