స్ప్రింగుతో పరాచికాలా?

కొత్తకారులో గతుకు తెలియదు. అయిదారేళ్లు తిరిగాక చిన్న స్పీడ్ బ్రేకర్ ఎక్కినా వెనక సీట్లో పెద్దవాళ్లు నడుం పట్టుకుంటారు. మనమేమో రోడ్డును తిట్టుకుంటాం. రోడ్డు తప్పూ ఉండొచ్చు. కానీ ఆ దెబ్బ మన దాకా రాకుండా కాచుకోవాల్సినవి కారు కింద ఉన్న స్ప్రింగులూ షాకబ్జార్బర్లూ. వాటి ఓపిక అయిపోయిందేమో ఒకసారి చూసుకోవద్దూ!

విశాఖ వాసులకు ఈ పని మరీ అవసరం. ఓపక్క సముద్రపు గాలి. మరోపక్క పోర్టుకూ ఉక్కు ఫ్యాక్టరీకీ సరుకు మోసే లారీలు నలగ్గొట్టిన రోడ్లు. గాలిలోని ఉప్పు తడిని పట్టి ఉంచుతుంది. స్ప్రింగు అడుగు చుట్టు కూర్చునే గిన్నెలో ఆ తడీ బురదా చేరతాయి. రంగు లేచినచోట తుప్పు మొదలవుతుంది. ఎంత గట్టి ఉక్కయినా ఉప్పుకు లోకువే! ఏదో ఒకరోజు గోతిలో పడగానే చివరి చుట్టు 'టప్'మని విరుగుతుంది. ఆ విరిగిన మొన టైరును కోసినా కోస్తుంది.

ఇంతకీ వీటిలో ఎవరి పని ఏమిటి? బండి బరువు మోసేది స్ప్రింగు. అయితే దాన్ని నొక్కి వదిలితే ఊగుతూనే ఉంటుంది. ఆ ఊపును ఆపేది షాకబ్జార్బరు. దాని గొట్టం నిండా నూనె. లోపలి పిస్టన్ కదిలినప్పుడల్లా నూనె సన్నని రంధ్రాల్లోంచి దూరి వెళ్లాలి. అలా ఊపు కాస్తా వేడిగా మారిపోతుంది. నూనె కారిపోయిందా... ఊపు ఆగదు. చక్రం నేలను అంటిపెట్టుకోక ఎగురుతుంది. ఎగిరే చక్రానికి బ్రేకు వేసి ఏం లాభం? ఆగాల్సినచోట బండి ఆగదు. కాబట్టి ఇది ఒక్క నడుంనొప్పి సంగతే కాదు.

ఈ ఆదివారం ఓ పావుగంట కేటాయించండి. కారు నాలుగు మూలలా ఒక్కోచోట గట్టిగా నొక్కి వదలండి. ఒకసారి పైకి లేచి కుదురుకుంటే ఫర్వాలేదు. రెండుమూడు సార్లు ఊగితే షాకు పోయినట్టే. అయితే ఈ పరీక్ష నెగ్గినంత మాత్రాన అంతా బాగున్నట్టు కాదు. టార్చి వేసి షాకబ్జార్బరు గొట్టం చూడండి, నూనె జిడ్డు ఉందేమో. టైరు మీద అరచేయి పెట్టి రాయండి, గుంటలు గుంటలుగా తగులుతోందేమో. బండి ఒకపక్కకు వాలిందేమో దూరం నుంచి చూడండి. బ్రేకు వేసినప్పుడు ముక్కు నేలకు వాలడం, గతుకుల్లో 'టకటక' చప్పుడు... ఇవన్నీ గుర్తులే.

ఇక మార్చడం. చాలా చిన్నకార్లలో వెనక స్ప్రింగు వేరుగా, షాకు వేరుగా ఉంటాయి. చేతికి పనిముట్లు అలవాటున్నవారు ఆ షాకులు ఇంటి దగ్గరే మార్చుకోవచ్చు. సమతలంగా ఉన్న గట్టి నేల కావాలి. ముందు చక్రాలకు అడ్డు పెట్టాలి. జాకీతో ఎత్తాక బండిని స్టాండ్ల మీద నిలపాలి. ఒక్క జాకీని నమ్మి కిందికి దూరారో, ప్రాణం పణంగా పెట్టినట్టే. షాకు బోల్టు విప్పేముందు ఇరుసు కింద రెండో జాకీ తప్పనిసరి. ఎందుకంటే ఇరుసు మరీ కిందికి జారకుండా పట్టి ఉంచేది ఆ షాకే! అది లేకపోతే ఇరుసు దిగిపోయి స్ప్రింగు ఊడుతుంది, బ్రేకు గొట్టం తెగుతుంది. కొత్తవి వేశాక రబ్బరు బుష్షుల బోల్టులు చివరిసారి బిగించేది బండి బరువు చక్రాల మీద పడ్డాకే. లేదంటే రబ్బరు మెలిపడి తొందరగా చిరుగుతుంది.

ముందువైపు కథ వేరు. అక్కడుండేది స్ట్రట్. అంటే స్ప్రింగు నడుమ షాకబ్జార్బరు ఇమిడిన జంట. అమెరికా ఇంజినీరు ఎర్ల్ మెక్‌ఫెర్సన్ 1940ల్లో రూపొందించిన ఈ పద్ధతి, 1983లో వచ్చిన మారుతి 800తో మన వీధుల్లో మామూలైపోయింది. అంబాసిడర్ వెనక కమాన్ పట్టీలకు అలవాటుపడ్డవారికి అది కొత్తే. బానెట్ ఎత్తితే స్ట్రట్ నెత్తిన చుట్టూ రెండుమూడు చిన్న నట్లు, మధ్యలో ఒక పెద్ద నట్టు ఉంటాయి. చిన్నవి స్ట్రట్‌ను బండికి పట్టి ఉంచుతాయి. మధ్యది స్ప్రింగును అణిచి ఉంచుతుంది. చిన్నకారులో ముందు చక్రం ఒక్కోటి మోసే బరువే రెండు మూడు వందల కిలోలు. అంత బరువు మోసే స్ప్రింగును నొక్కిపట్టి బిగించిన నట్టు అది! దాన్ని వట్టి పానాతో విప్పితే స్ప్రింగు తూటాలా లేస్తుంది. చేతులు విరిగినా విరుగుతాయి, అంతకు మించీ జరగొచ్చు.

అందుకే ఆ పని షెడ్డుకే వదిలెయ్యండి. గాజువాక ఆటోనగర్‌కు వెళ్లినా, ఇంటి పక్క మెకానిక్ దగ్గరికి వెళ్లినా ఒక్కటే ప్రశ్న... "అన్నా, స్ప్రింగు కంప్రెసర్ ఉందా?" తాడుతోనో గొలుసుతోనో కట్టి విప్పేస్తామంటే నమస్కారం పెట్టి బండి వెనక్కి తెచ్చేసుకోండి. అది మన డబ్బు సంగతి కాదు, ఆ మెకానిక్ కుర్రాడి చేతుల సంగతి.

మరో రెండు మాటలు. షాకులు ఎప్పుడూ జతగానే మార్చాలి. ఒకపక్క కొత్తది, మరోపక్క పాతది ఉంటే బ్రేకు వేసినప్పుడు, మలుపు తిరిగేటప్పుడు బండి నిలకడ తప్పుతుంది. స్ట్రట్ విప్పినప్పుడే పైనుండే మౌంటింగు, బేరింగు, లోపలి రబ్బరు కూడా చూడమనండి. అరిగిపోతే అప్పుడే మార్పించండి, రెండోసారి కూలీ మిగులుతుంది. పని అయ్యాక వీల్ అలైన్‌మెంట్ చేయించకపోతే కొత్త టైర్లు ఒకపక్కే అరిగిపోతాయి.

భీమిలి దాకా బీచ్ రోడ్డులో షికారు చేసొచ్చిన రోజు చక్రాల లోపలివైపు మంచినీళ్లు కొట్టండి. రెండు బకెట్ల నీళ్లే ఖర్చు. స్ప్రింగుకు అదే ఆయుష్షు.