కాన్పుతో గండము గడచినదా?

శిశువు కేరుమన్నంతనే మన యిండ్లలో చక్కెర పంచిపెట్టుదురు. గండము గడచెనని నిట్టూర్పు విడుతురు. నాటినుండి ఇంటిల్లిపాది చూపును ఉయ్యెలమీదనే. తల్లి నడుగువారు లేరు. ఈ నిశ్చింత బాలింతలపాలిటి శత్రువని మేము చెప్పక తప్పదు.

వైద్యశాస్త్రము ప్రసవానంతరము 42 దినములవఱకును అపాయకాలముగనే యెంచుచున్నది. ఈ దినములలో రక్తస్రావము హెచ్చవచ్చును. గర్భాశయమునకో, కోత గాయమునకో చీము పట్టవచ్చును. కడుపుతో నున్నప్పుడు లేని రక్తపుపోటు ఇప్పుడు తలయెత్తి మూర్ఛలు తేవచ్చును. కాలి సిరలో గడ్డకట్టిన రక్తము ఊపిరితిత్తులకు చేరవచ్చును. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ననుసరించి తెలంగాణములో నూటికి 60కి పైగా, ఆంధ్రప్రదేశములో 42కు పైగా కాన్పులు శస్త్రచికిత్సతోనే జరిగినవి. గాయముతో ఇల్లు చేరు తల్లులు ఇందఱుండగా మన జాగ్రత్త యెంత హెచ్చవలెను!

"బాలింతకు జ్వరము సహజమే, పాలు పడుచున్న" వని పెద్దలు సెలవిత్తురు. వియన్నా నగరపు ప్రసూతిశాలలోని మొదటి విభాగమునందు 1846లో నూటికి 11 మంది తల్లులు మరణించిరి. 1847లో సెమ్మెల్‌వైస్ అను వైద్యుడు, శవపరీక్ష గదినుండి వచ్చు వైద్యులచేత క్లోరిన్ కలిసిన నీట చేతులు కడిగించెను. 1848లో ఆ మరణములు నూటికి ఇద్దరికంటె తగ్గినవి. తలవ్రాత యైనచో చేతులు కడుగుకొన్న మాత్రమున మారునా?

మన యిండ్లలో నేమి జరుగుచున్నది? కడుపు పెరుగునని మంచినీరు తగ్గింతురు. తలనొప్పి యన్న చెవులలో దూది పెట్టుదురు. దిగులుపడి యేడ్చిన గాలి సోకె నందురు. అన్నిటికంటె ఘోరమైనది మఱియొకటి కలదు. తొలిచూలు పుట్టినింట జరుగును గదా! బిడ్డకు జబ్బుచేసిన, "పురుడు పోయలేకపోయి" రను మాట వియ్యాలవారినుండి వచ్చునని తల్లిదండ్రులు దాచుదురు. రెండు దినములు చూతమందురు. ఆ రెండు దినములలోనే ప్రాణము పోవచ్చును.

ఆసుపత్రులవారును నిర్దోషులు కారు. మాత్రల చీటి చేతికిచ్చి పంపుదురే కాని, ఏ లక్షణము కనబడిన మరల రావలెనో విడమరచి చెప్పువా రరుదు. ప్రసవమైన పిదప 24 గంటలైన ఉంచుకొని, 2-3 దినములలో నొకమాఱు, 7-14 దినముల నడుమ నొకమాఱు, ఆఱవ వారమున నొకమాఱు తల్లిని చూడవలెనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో చెప్పినది. ఆశా కార్యకర్త మన గడపకు వచ్చినప్పుడు శిశువును మాత్రమే చూపి పంపివేయకుడు, తల్లినిగూడ చూపుడు.

గంటలోపల గుడ్డ తడిసిపోవు రక్తస్రావము, 100.4 డిగ్రీల జ్వరము, దుర్వాసన, తీరని తలనొప్పి, చూపు మసకబాఱుట, ఒక కాలి వాపు, ఆయాసము, చావవలెనను తలంపు, వీనిలో నేది కనబడినను వారవర్జ్యములు చూడవలదు. వెంటనే బండి పిలువుడు. మరల ఆసుపత్రికి పోవుట వంశమునకు తలవంపు కాదు. తెలిసియు ఆలసించుటయే తలవంపు. 21వ నాడు బారసాల సంబరముగ చేయుడు. 42వ నాడు తల్లి క్షేమమని వైద్యులచే విన్న పిమ్మటనే గండము గడచెనని చెప్పుడు.