మెరుగు పేరిట చెరుపు

పాత సైనిక తుపాకుల గురించి తెలుగులో వ్యాసమేమిటని కొందరు నొసలు చిట్లించవచ్చు. తుపాకి అనగానే మనకు స్ఫురించేది ఒకప్పటి పోలీసు భుజం మీది త్రీనాట్‌త్రీ, లేదా కళాశాల రోజుల ఎన్.సి.సి. కవాతు. అంతకు మించిన పరిచయం సామాన్యునికి లేదు, ఉండనవసరమూ లేదు. మన దేశంలో .303 వంటి సైనిక కొలతల రైఫిళ్ళు చట్టరీత్యా పౌరులకు నిషిద్ధాలు. ఇషాపూర్ కర్మాగారం వేటగాళ్ళ కోసం .315 అనే వేరే కొలతలో తుపాకి చేసింది అందుకే.

అమెరికాలో సంగతి వేరు. కాలం చెల్లినవని సైన్యాలు వదిలించుకున్న తుపాకులు అక్కడి అంగళ్ళకు చేరుతాయి. వాటిని కొని, శుభ్రం చేసి, చెక్కకు మెరుగు పెట్టుకోవడం చాలామందికి ఇష్టమైన వ్యాసంగం. ఆ వరుసల్లో బెంగాలులో పుట్టిన తుపాకి ఒకటి కనిపిస్తుంది, ఇషాపూర్ 2ఏ1. ఈ మెరుగు పెట్టడం గురించి నాకొక స్థిరమైన అభిప్రాయం ఉంది. దాన్ని ఈ తుపాకిని ఆధారం చేసుకునే చెబుతాను.

1962లో చైనాతో యుద్ధం వచ్చినప్పుడు మన సైనికుల చేతుల్లో ఉన్నది ప్రధానంగా ఒక్కొక్క గుండుకీ చేత్తో బోల్టు లాగవలసిన .303 రైఫిలే. ఆ ఓటమి తరువాత, స్వయంచాలిత రైఫిళ్ళు చాలినన్ని తయారయ్యేలోగా, పాత బ్రిటిష్ నమూనానే తీసుకుని, మరింత గట్టి ఉక్కుతో, 7.62 మి.మీ. తూటాకు సరిపడేలా ఇషాపూర్‌లో మలిచారు. అదే 2ఏ. దాని గురిపట్టీ మీద 2000 వరకు గీతలుండేవి. తరువాతి 2ఏ1లో వాటిని 800కు తగ్గించారు. రెండు వేల దూరంలోని మనిషిని కంటితో గురిచూసి కొట్టవచ్చుననే పాత భ్రమ అక్కడితో తొలగిపోయినట్లు ఆ చిన్న మార్పు చెబుతుంది. కర్మాగారం పేరు, తయారైన సంవత్సరం ఉక్కు మీద ముద్రించి ఉంటాయి. చదవగలిగితే అదొక శాసనం.

ఇక ఎంపిక. కొనేవారు మొదట చెక్క అందం చూస్తారు, చూడవలసింది చివరిగా. ముందు బోల్టు తీసి గొట్టంలోకి వెలుతురు పంపి చూడాలి. లోపలి మెలిక గాడులు పదునుగా కనిపించాలి. తుప్పు తిని గుంటలు పడ్డ గొట్టాన్ని ఏ మెరుగూ బాగుచేయలేదు. బోల్టు మీది సంఖ్య, తుపాకి శరీరం మీది సంఖ్య ఒకటేనా అని సరిపోల్చాలి. తూటా కూర్చునే గదికీ బోల్టు ముఖానికీ నడుమ ఉండవలసిన ఎడాన్ని తుపాకుల పనివాడు కొలమానంతో కొలిచి సరేననేదాకా గుండు పేల్చరాదు. డి.పి. అనే అక్షరాలుంటే అది కవాతుకు మాత్రమే పనికివచ్చేదని అర్థం. దానితో కాల్చే ఆలోచన మానుకోవాలి. ఇవన్నీ కుదిరాక చెక్క సంగతి. పగుళ్ళు లేకుంటే చాలు, గీతలనూ సొట్టలనూ మన్నించవచ్చు.

ఇక్కడే నా పేచీ మొదలవుతుంది. ఇంటికి తెచ్చిన మరునాడే చాలామంది ఉప్పుకాగితం పడతారు. దానితో తుపాకి కొత్తదవదు. తనిఖీ ముద్రలు అరిగిపోతాయి, చెక్క అంచులు గుండ్రబడతాయి, ఉక్కుతో సమంగా ఉండవలసిన చెక్క దానికంటే కిందికి దిగిపోతుంది. ఆ పైన మెరిసే వార్నీషు పూస్తే మిగిలేది బల్లకాలు లాంటి వస్తువు. ఇషాపూర్ తుపాకులలో చాలావాటికి ముందుభాగపు చెక్కకు అడ్డంగా ఒక మర ఉంటుంది. చెక్క చీలిపోకుండా కర్మాగారంవారే వేసినది అది. తెలియనివారు దాన్ని నాటు మరమ్మతు అనుకుంటారు. తెలియనిదాన్ని చెరిపేయడం కంటే తెలుసుకునేదాకా ఆగడం మేలు కదా!

చేయవలసిన పని తక్కువే. నిలవ కోసం పట్టించిన గ్రీజును ద్రావకంతో తుడవాలి. సొట్ట మీద తడిగుడ్డ పరిచి వేడి ఇస్త్రీపెట్టె ఆనిస్తే ఆవిరికి నలిగిన నారలు ఉబ్బి చాలావరకు పైకి లేస్తాయి. ఆరాక అవిసె నూనెను పలుచగా అరచేతితో రుద్ది, రోజుల తరబడి ఇంకనివ్వాలి. నూనె గుడ్డలను ఉండచుట్టి మూలన పడేయకూడదు. ఆరేటప్పుడు పుట్టే వేడికి వాటంతట అవే అంటుకుంటాయి.

"నా సొమ్ము, నా తుపాకి, నా ఇష్టం" అనేవారున్నారు. హక్కును కాదనను. కానీ ఆ మాట అమెరికాలో 1950లలోనూ వినిపించింది. అప్పట్లో మిగులు తుపాకులు చవక. చెక్క కోసి, గొట్టం కురచ చేసి, ఎన్నింటినో వేట తుపాకులుగా మార్చారు. ఈనాడు సేకర్తలు వెతుకుతున్నది ఎవరూ కోయకుండా వదిలిన వాటి కోసమే. ఒక వస్తువు విరివిగా దొరికినంత కాలం దాని విలువ కనబడదు.

దీనికంటే బరువైన అభ్యంతరం మరొకటి ఉంది. చంపడానికి చేసిన వస్తువుకు ఇంత ఆదరమెందుకని. నా సమాధానం ఇది. ఆ సంగతి మరచిపోకుండా ఉండడానికే. సొట్టలూ మరకలూ ఉన్న తుపాకి తానెందుకు పుట్టిందో దాచదు. అద్దంలా మెరిసే తుపాకి దాస్తుంది, చేతిలో పట్టుకున్నవాణ్ణి అదొక అలంకారమని నమ్మిస్తుంది. యుద్ధాన్ని అలంకారంగా చూసే అలవాటు మనకు వద్దు.

ఒక్క మినహాయింపు ఉంది. మునుపటి యజమాని ముందే గీకేసి వార్నీషు పూసిన తుపాకి దొరికితే దాని మీద మీ చేతిపని తీర్చుకోండి. పని నేర్చుకోవాలనుకునేవారు అలాంటిదే వెతికి కొనడం ఉత్తమం, చవకగానూ వస్తుంది. ముద్రలు చెదరనిది దొరికితే మాత్రం తుడిచి, నూనె రాసి, అంతటితో చేయి వెనక్కి తీసుకోండి. మనం దానికి తాత్కాలిక సంరక్షకులం మాత్రమే.

ఏమంటారు?