ఎముకల మందు వాడేవారు పంటి ఇంప్లాంటు పెట్టించుకోవచ్చా?

ప్రశ్న: మా అమ్మకు 64 ఏళ్ళు. ఎముకలు గుల్లబారాయని మూడేళ్ళుగా వారానికొక మాత్ర వేసుకుంటోంది. కింది దవడలో రెండు పళ్ళు ఊడిపోతే, ఇంప్లాంటు పెట్టించుకోమని పళ్ళ డాక్టరుగారు సలహా ఇచ్చారు. ఆ మాత్ర వాడేవారికి దవడ ఎముక కుళ్ళిపోతుందని ఎవరో చెప్పగా అమ్మ భయపడి మాత్ర మానేసింది. ఏం చేయమంటారు?
- ఒక పాఠకురాలు, విజయనగరం

జవాబు: మీ అమ్మగారు మాత్ర మానేయడం తొందరపాటు. మందు రాసిన డాక్టరును వెంటనే కలవండి. మీరు విన్న మాటలో కొంత నిజం ఉంది. కాని అది అందరికీ ఒకే విధంగా వర్తించదు.

మన ఎముకల్లో పాత ఎముకను కొన్ని కణాలు కరిగిస్తుంటే, మరికొన్ని కొత్త ఎముకను కడుతుంటాయి. ముట్లు ఆగిపోయిన స్త్రీలలో కరగడం ఎక్కువై ఎముక గుల్లబారుతుంది. అలెండ్రోనేట్, రైసెడ్రోనేట్ మాత్రలు, జోలెడ్రోనిక్ ఆమ్లం, డెనోసుమాబ్ ఇంజక్షన్లు ఈ కరగడాన్ని తగ్గించి, తుంటి, వెన్ను ఎముకలు విరగకుండా కాపాడతాయి. అయితే పన్ను పీకినప్పుడుగాని, ఇంప్లాంటు మర బిగించడానికి దవడకు రంధ్రం వేసినప్పుడుగాని గాయం మానాలంటే దెబ్బతిన్న ఎముక కొంత కరగాలి. ఆ పని మందగిస్తే, ఏ కొద్దిమందికో చిగురు మూసుకోక ఎముక బయటపడుతుంది. అలా 8 వారాలు దాటినా మానకపోతే దాన్ని ఈ మందుల వల్ల వచ్చిన జబ్బుగా అనుమానిస్తారు. ఈ సంగతి 2003లో అమెరికాలో మొదట బయటపడింది.

భయం ఎంతవరకు?

ఎముకలు గుల్లబారినందుకు మాత్రలు వాడేవారిలో ఈ జబ్బు పదివేలమందిలో సుమారు అయిదుగురికి మించదని అమెరికాలోని నోటి శస్త్రవైద్యుల సంఘం 2022లో తేల్చింది. కాబట్టి మీ అమ్మగారి వంటివారికి ఇంప్లాంటు సాధారణంగా పెట్టవచ్చు. మందు చాలా ఏళ్ళుగా వాడుతున్నా, స్టెరాయిడ్ మాత్రలు వేసుకుంటున్నా, షుగరు అదుపులో లేకపోయినా, చిగుళ్ళలో చీము ఉన్నా ప్రమాదం పెరుగుతుంది. ముందు వాటిని చక్కబెట్టుకోవాలి.

కేన్సరు ఎముకలకు పాకినందుకు ఇవే మందులను పెద్ద మోతాదులో, తరచుగా ఇంజక్షన్లుగా తీసుకునేవారి సంగతి వేరు. వారిలో ప్రమాదం ఎన్నో రెట్లు ఎక్కువ. వారు ఇంప్లాంటు ఆలోచన మానుకోవాలి. తీసి పెట్టుకునే కట్టుడు పళ్ళు చాలు. అవైనా ఒరుసుకుని పుండు చేయకుండా సరిగా అమరాలి.

చెప్పడం మరచిపోయే మందు

పళ్ళ డాక్టరు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అని అడిగితే బి.పి., షుగరు మాత్రల పేర్లు చెబుతాం. విశాఖలో ఏడాదికొకసారి ఎక్కించిన జోలెడ్రోనిక్ ఆమ్లం, ఆరు నెలలకొకసారి చర్మం కింద పొడిచే డెనోసుమాబ్ మనకు గుర్తుకు రావు. పలాసలోనో బొబ్బిలిలోనో ఉన్న పళ్ళ డాక్టరుకు ఆ చీటీ చూపితే తప్ప తెలియదు. అసలు ప్రమాదం ఇక్కడే ఉంది.

మందు ఆపాలా?

అలెండ్రోనేట్ ఎముకలో ఏళ్ళ తరబడి నిలుస్తుంది. నాలుగు రోజులు మాత్ర మానితే లాభమేమీ లేదు. డెనోసుమాబ్ దీనికి భిన్నం. గడువు దాటితే ఎముక వేగంగా తరిగి వెన్నుపూసలు విరగవచ్చు. ఇంజక్షనుకు, ఇంజక్షనుకు మధ్య ఏడు నెలలు దాటనీయకూడదు. దంత చికిత్సకు అనువైన తేదీని ఇద్దరు డాక్టర్లూ మాట్లాడుకుని నిర్ణయించాలి.

మన ప్రాంతంవారికి రెండు మాటలు

చుట్ట నిప్పుకొనను నోట్లో ఉంచుకుని కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్ర పల్లెల్లో పెద్దవయసు స్త్రీలకు ఉన్న పాత అలవాటు. ఆంధ్రప్రదేశ్‌లో 10,169 మంది గ్రామస్థులను పరీక్షించి, దీనివల్ల అంగిలికి కలిగే హానిని 1971లోనే వైద్యులు ప్రకటించారు. పొగ మానకుండా ఇంప్లాంటు పెట్టించుకోవడం డబ్బు తగలేసుకోవడమే.

ఉద్దానం ప్రాంతంలో మూత్రపిండాల జబ్బు ఎక్కువ. అక్కడివారు ఎముకల మందు మొదలుపెట్టే ముందే రక్తంలో క్రియాటినిన్, కాల్షియం పరీక్షలు చేయించుకోవాలి. మూత్రపిండాలు బాగా చెడినవారికి జోలెడ్రోనిక్ ఆమ్లం ఇవ్వరు. డయాలసిస్ మీద ఉన్నవారికి డెనోసుమాబ్ వల్ల కాల్షియం ప్రాణాపాయ స్థాయికి పడిపోవచ్చని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 జనవరిలో తీవ్రంగా హెచ్చరించింది.

గుర్తుంచుకోండి:

1. ఎముకల మందు మొదలుపెట్టే ముందే పుచ్చు పళ్ళు పీకించుకోండి, చిగుళ్ళు శుభ్రం చేయించుకోండి.

2. పళ్ళ డాక్టరు దగ్గరకు పాత చీటీలు, ఖాళీ మాత్రల అట్టలు పట్టుకెళ్ళండి. ఇంజక్షను తేదీలు ఒక కాగితం మీద రాసి ఉంచుకోండి.

3. ఇంప్లాంటు ఉన్నవారు ఆరు నెలలకొకసారి చూపించుకోండి. పెట్టిన ఎన్నో ఏళ్ళకు కూడా చిక్కు రావచ్చు.

4. చిగురులోంచి ఎముక గరుకుగా తగిలినా, చీము కారినా, కింది పెదవి మొద్దుబారినా లవంగనూనె రాసి కూర్చోకండి. వెంటనే డాక్టరుకు చూపించండి.

పన్ను లేకపోయినా నడవగలం. తుంటి విరిగితే మంచం పడతాం. అందుచేత పంటి కోసం ఎముకల మందును సొంతంగా మానకండి. డాక్టరుకు చెప్పకుండా పంటి మీద చెయ్యి వేయించుకోకండి.