డొమినికా దుకాణానికి గొడుగేది?

సుమారు 70 వేల జనాభా ఉన్న కరేబియన్ దీవి డొమినికాలో వ్యాపారం చేయాలంటే చాలా గుండె ధైర్యం కావాలి. ఐరోపాలో కరేబియన్ అరటికి ఉన్న ప్రత్యేక వెసులుబాటును 1997లో ప్రపంచ వాణిజ్య సంస్థ తప్పుపట్టాక, డొమినికా రైతు క్రమంగా చితికిపోయాడు. 2017 సెప్టెంబర్ 18 రాత్రి విరుచుకుపడ్డ మరియా తుపాను మిగిల్చిన నష్టం దేశ వార్షిక ఉత్పత్తికి 226 శాతం. అంటే సుమారు 130 కోట్ల డాలర్లు. ప్రాంతీయ బీమా నిధి నుంచి అందింది రెండు కోట్ల డాలర్ల లోపే!

గాలివాన పోయాక మరో దెబ్బ తగిలింది. నాలుగు దశాబ్దాలుగా పోర్ట్స్‌మత్ పట్టణం పక్కన నడిచిన రాస్ వైద్య విశ్వవిద్యాలయం 2019లో బార్బడోస్‌కు తరలిపోయింది. ఆ విద్యార్థుల అద్దెలు, భోజనాల మీదే బతికిన గదుల యజమానులు, హోటళ్లవాళ్లు, టాక్సీ డ్రైవర్లు ఒక్కసారిగా దిక్కులేనివారయ్యారు. వాళ్లు చేసిన తప్పేమిటి?

విదేశీయులకు పౌరసత్వం అమ్మి ఖజానా నింపుకుంటున్నారని ఆ దేశాన్ని తప్పుపట్టడం తేలిక. వేరే దారి చూపినవారేరీ? భూతాపం పెంచిన సంపన్న దేశాలు అప్పులు కాదు, పరిహారం ఇవ్వాలి. అందులో మొదటి వాటా చిన్న వ్యాపారులకు చేరాలి.