చందమామ లెక్కలే వేరు!

వేసవి సెలవులు. మీ అబ్బాయి కంప్యూటర్లో సొంతంగా ఓ చిన్న ఆట తయారుచేశాడనుకోండి. పెద్ద కథేం లేదు... కంప్యూటరు 42 అనే నంబరును మనసులో పెట్టుకుంటుంది. ఆడేవాళ్లు అది కనిపెట్టాలి. చెల్లెలొచ్చి 42 అని టైపు చేసింది. 'తప్పు' అంది ఆట. మళ్లీ కొట్టింది. మళ్లీ తప్పే! 'అన్నయ్యా, నువ్వు తొండి' అంటూ పేచీ. పాపం, వాడికీ ఏమీ అర్థం కాదు. ఎక్కడో పొరపాటు జరిగిందన్న హెచ్చరిక కూడా రాలేదు మరి.

ఆ ఆట రాసిన భాష పేరు లువా. పోర్చుగీసులో చందమామ అని అర్థం. బ్రెజిల్‌లోని రియో డి జనీరోలో, ఓ విశ్వవిద్యాలయంలో పనిచేసే ముగ్గురు 1993లో దీన్ని తయారుచేశారు. అంతకుముందు వాళ్ల దగ్గరున్న భాష పేరు సోల్, అంటే సూర్యుడు. అందుకే ఇది చంద్రుడైంది! నిజానికి పుట్టింది ఆటల కోసం కాదు, పెట్రోబ్రాస్ అనే చమురు కంపెనీ పనుల కోసం. 1998లో వచ్చిన గ్రిమ్ ఫాండాంగోతో ఆటల్లోకి అడుగుపెట్టింది. ఇప్పుడు పిల్లలు కళ్లప్పగించి ఆడే రోబ్లాక్స్‌లో ఉన్నదీ దీన్నుంచి వచ్చిన భాషే.

లువాలో విలువలు మొత్తం 8 రకాలు. ఇంట్లో పిల్లలకు ముందుగా ఎదురయ్యేవి నాలుగైదే. నంబరు, స్ట్రింగ్ అనే అక్షరాల వరుస, అవును-కాదు, అన్నిటినీ దాచుకునే టేబుల్, 'ఏమీ లేదు' అని చెప్పే నిల్.

తంటా అంతా మొదటి రెంటితోనే. ఉప్పూ పంచదారా చూడ్డానికి ఒకటే, తేడా కాఫీలో వేశాక తెలుస్తుంది. కీబోర్డు మీద కొట్టిన 42 స్ట్రింగ్. కంప్యూటరు తలచుకున్న 42 నంబరు. రెండూ సమానమా అంటే లువా కాదంటుంది. పోనీ, తెరమీద చూపించే 'ప్రింట్'తో పరీక్షిద్దామా అంటే అది రెంటినీ 42 అనే చూపిస్తుంది! విచిత్రమేంటంటే, ఆ స్ట్రింగ్‌కి 1 కలపమంటే మాత్రం మారుమాట్లాడకుండా 43 అంటుంది. కూడికలో ఉదారం, పోలికలో పట్టుదల.

గుట్టు విప్పేది 'టైప్' అనే ఫంక్షన్. విలువను దానికి అప్పగిస్తే ఏ రకమో చెప్పేస్తుంది. ఆ తర్వాత 'టు-నంబర్' ఆ స్ట్రింగ్‌ను నంబరుగా మార్చి ఇస్తుంది. చెల్లెలు నలభై రెండు అని అక్షరాల్లో కొడితే దానికీ చేతకాదు, నిల్ అని ఊరుకుంటుంది. ఇవన్నీ భాషతోపాటే వస్తాయి, విడిగా తెచ్చుకోనక్కర్లేదు.

ఇంకో తిరకాసూ ఉంది. 'నాణేలుంటే కత్తి ఇవ్వు' అని దుకాణానికి రాశాడనుకోండి. పైథాన్ లాంటి భాషల్లో సున్నా అంటే 'కాదు' కింద లెక్క. లువాలో సున్నా కూడా 'అవును' కిందే! నిల్, 'కాదు' అనే రెండు తప్ప మిగతావన్నీ అంతే. కాబట్టి 'నాణేలు సున్నా కంటే ఎక్కువుంటే' అని విడమరచి రాయాలి. అన్నయ్య అది దిద్దేలోపు చెల్లెలు చిల్లిగవ్వ లేకుండా పది కత్తులు కొనేసి ఉంటుంది.